డోరా కాల్ఫ్ ఇసుక పెట్టె: కొలతలు, పద్ధతి, తరచూ జరిగే తప్పులు

పిల్లలతో పనిచేసే కౌన్సెలర్ల గదుల్లో ఇసుక ట్రే ఇప్పుడు మన దగ్గర కూడా కనిపిస్తోంది. చెక్క పెట్టె, లోపల నీలం రంగు, పక్కన అలమరలో బొమ్మలు. పిల్లవాడు ఆ ఇసుకలో బొమ్మలు పెట్టి తన లోపలున్నది చేతులతో బయటికి తెస్తాడు. డబ్బు పెడితే ఇవన్నీ దొరుకుతాయి. కానీ ఆ పెట్టెను ఇప్పుడున్న రూపానికి తెచ్చిన స్విస్ చికిత్సకురాలు డోరా కాల్ఫ్ దాని చుట్టూ పెట్టుకున్న కట్టుబాట్లు పెట్టెతో పాటు రావు. అవి లేకపోతే అది మామూలు ఆటవస్తువు, ఒక్కోసారి అంతకన్నా చెడ్డది. ఆ కట్టుబాట్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే ముందు ఆవిడ జీవితం కొంత తెలియాలి.

కాల్ఫ్ 1904 డిసెంబరులో జ్యూరిక్ సరస్సు ఒడ్డున రిక్టర్స్‌విల్ అనే ఊళ్ళో పుట్టారు. పుట్టింటి పేరు గాట్టికర్. ఎంగడీన్ లోయలోని ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లో చదివేటప్పుడే గ్రీకుతో పాటు సంస్కృతం, చైనా లిపి నేర్చుకున్నారు. తర్వాత లండన్‌లో తత్వశాస్త్రం చదివారు, పారిస్‌లో రాబర్ట్ కాసడెస్యూ దగ్గర పియానో నేర్చుకున్నారు. డచ్ బ్యాంకర్‌ను పెళ్ళి చేసుకుని హాలెండ్‌లో కాపురం పెట్టారు. 1940లో జర్మన్ సైన్యం హాలెండ్‌లోకి వచ్చాక కొడుకుతో స్విట్జర్లండ్‌కు తిరిగి వచ్చి పార్పాన్ అనే కొండ ఊళ్ళో ఉన్నారు.

ఆ ఊరికే సెలవులకు వచ్చే గ్రెట్ బౌమన్ ఒక సంగతి గమనించింది. తన పిల్లలు కాల్ఫ్ ఇంట్లో ఆడుకుని వచ్చిన రోజున ఎంతో నెమ్మదిగా, తృప్తిగా ఉంటున్నారు. గ్రెట్ పేరొందిన స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ కూతురు. పిల్లలతో మీరు పనిచేయాలి, మా నాన్నగారిని కలవండి అని ఆమె చెప్పడంతో కాల్ఫ్ దారి మారింది. 1949లో, నలభై దాటిన వయసులో, ఇద్దరు కొడుకుల బాధ్యత మీద ఉండగా, కాల్ఫ్ జ్యూరిక్ యుంగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. యుంగ్ భార్య ఎమ్మా యుంగ్ దగ్గర మానసిక విశ్లేషణ చేయించుకున్నారు. ఆరేళ్ళు చదివారు. యూనివర్సిటీ డిగ్రీ లేనందువల్ల చివర డిప్లొమా మాత్రం ఇవ్వలేదు. ప్రపంచమంతా ఆవిడ పద్ధతి నేర్చుకుంటున్న ఈ రోజుల్లో ఆ సంగతి చదివితే మనసు చివుక్కుమంటుంది. అయితే యుంగ్ దంపతుల ప్రోత్సాహానికి లోటు రాలేదు. పిల్లలతోనే పనిచేయమని ఆవిడను వాళ్ళే ముందుకు నడిపించారు.

ఇసుక పెట్టె ఆలోచన కాల్ఫ్‌ది కాదు. ఇది స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ గౌరవం దక్కాల్సింది లండన్ పిల్లల డాక్టర్ మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్‌కు. చిన్న చిన్న బొమ్మలతో నేలమీద నగరాలు కట్టి ఆడే ఆటల గురించి ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1911లో ఒక పుస్తకం రాశాడు. అది లోవెన్‌ఫెల్డ్ మనసులో ఉండిపోయింది. 1928లో ఆవిడ తెరిచిన క్లినిక్‌లో ఒక బొమ్మల పెట్టె, ఇసుక పోసిన జింకు ట్రేలు, నీళ్ళు ఉండేవి. బొమ్మల్ని ఇసుకలోకి తెచ్చి రెండిటినీ కలిపింది పిల్లలే. తాము కట్టినదాన్ని ‘ప్రపంచం’ అన్నదీ వాళ్ళే. ఆ పేరే లోవెన్‌ఫెల్డ్ పద్ధతికి స్థిరపడింది.

1954లో లోవెన్‌ఫెల్డ్ జ్యూరిక్ వచ్చి ఇచ్చిన ఉపన్యాసం కాల్ఫ్ విన్నారు. 1956లో లండన్ వెళ్ళి ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు. తిరిగి వచ్చాక ఆ పనిముట్టును యుంగ్ ఆలోచనతో కలిపారు. యుంగ్‌కు కూడా ఇలాంటి ఆట కొత్త కాదు. మానసిక విశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్‌తో స్నేహం తెగిపోయాక లోపల అంతా చెదిరిపోయిన రోజుల్లో, ఆయన రోజూ భోజనమయ్యాక సరస్సు ఒడ్డున రాళ్ళేరుకుని చిన్న ఇళ్ళు, ఒక చర్చి, ఊరు కట్టేవాడు. చేతులతో కడుతుంటే లోపలి బొమ్మలు బయటికి వస్తాయని ఆయనకు స్వానుభవం. అందుకే కాల్ఫ్ పని ఆయనకు వెంటనే అర్థమైంది. లోవెన్‌ఫెల్డ్ పిల్లల చేత వాళ్ళ ప్రపంచాన్ని వివరింపజేసేవారు, చికిత్సకుడితో ఉండే అనుబంధానికి పెద్ద పీట వేయలేదు. కాల్ఫ్ ఆ రెండూ తిరగేశారు. వివరణ అడగకూడదు, అనుబంధమే ఆధారం. తన పద్ధతి వేరని తెలిసేలా దానికి ‘శాండ్‌ప్లే’ అని వేరే పేరు పెట్టారు.

ఇక పెట్టె. పొడవు 72 సెంటీమీటర్లు, లోతు 7 సెంటీమీటర్లు, వెడల్పు 50 నుంచి 57 దాకా. ఈ కొలతకు కారణం ఉంది. ముందు నిలబడిన మనిషి తల తిప్పకుండా నాలుగు అంచులూ ఒక్క చూపులో చూడగలగాలి. పెద్ద ట్రేలో పిల్లవాడికి హద్దు అందదు. బొమ్మలు గుమ్మరిస్తూ పోతాడు, చివరికి తానే బెంబేలెత్తుతాడు. మరీ చిన్నదైతే కొండ, ఏరు, ఊరు ఒక్కచోట పట్టవు. స్వేచ్ఛ ఉండాలి, రక్షణా ఉండాలి అని కాల్ఫ్ పదేపదే అనేవారు. ఆ రక్షణలో సగం ఈ నాలుగు అంచులే.

లోపలి అడుగు, పక్క గోడలు లేత నీలం రంగు. ఇసుక పక్కకు జరిపితే అడుగున నీళ్ళు కనబడాలి, తలెత్తితే గోడల మీద ఆకాశం. ఇసుక సగం లోతు వరకే పోయాలి. 72, 50 కొలతల ట్రేలో మూడున్నర సెంటీమీటర్ల మందాన పోస్తే పన్నెండు లీటర్ల పైచిలుకు, బరువులో దాదాపు 20 కిలోలు. నిండుగా పోస్తే అడుగు నీలం చేతికి అందదు, ఇసుక బయట పడుతుంది. పలచగా పోస్తే గుట్ట నిలబడదు, పాతిపెట్టడానికి లోతు ఉండదు. పాతిపెట్టడం ఈ పనిలో చిన్న విషయం కాదు, కాబట్టి ఆ లోతు తగ్గకూడదు.

ట్రేలు రెండు ఉండాలి, ఒకటి పొడిది, ఒకటి తడిది. పొడి ఇసుక వేళ్ళ సందుల్లోంచి జారుతుంది, ఏ ఆకారమూ నిలవదు. కొందరు పిల్లలు మొదటి మూడు నాలుగు వారాలు దాన్ని అలా జారవిడుస్తూనే ఉంటారు. అదీ పనే. తడి ఇసుక పట్టు ఇస్తుంది, సొరంగం తవ్వచ్చు, గోడ లేపచ్చు. 20 కిలోల ఇసుకకు ఒకటిన్నర లీటర్ల నీళ్ళు సరిపోతాయి. ఎక్కువైతే నీరు అడుగున నిలిచి చెక్క ఉబ్బుతుంది, అతుకులు విడిపోతాయి. అందుకే తడి ట్రేకు లోపల ప్లాస్టిక్ లేదా రేకు పూత తప్పనిసరి. రెండు ట్రేలూ పిల్లవాడి నడుము ఎత్తు బల్ల మీద, నాలుగు వైపుల నుంచీ చేతులు అందేలా ఉండాలి.

బొమ్మల అలమర గురించి ఎవరైనా అడిగితే ముందు చెప్పాల్సింది ఇది: అందమైనవే కొనవద్దు. అన్ని వయసుల మనుషులు, రకరకాల వృత్తులవాళ్ళు, ఇంటి జంతువులు, అడవి జంతువులు, పాములు, పురుగులు, చెట్లు, ఇళ్ళు, వంతెనలు, కంచెలు, వాహనాలు, సైనికులు, ఆయుధాలు, అన్ని మతాల దేవుళ్ళు, గుళ్ళు, మసీదులు, చర్చిలు, రాక్షసులు, దయ్యాలు, అస్థిపంజరాలు, సమాధులు, గవ్వలు, రాళ్ళు, గింజలు, పుల్లలు, దారం, బంకమట్టి. భయపెట్టేవి లేకపోతే పిల్లవాడి భయానికి రూపం దొరకదు. ఆవులు, సైనికులు, కంచె ముక్కలు ఒక్కొక్కటి కాకుండా గుంపుగా ఉండాలి. ఒక్క సైనికుడితో యుద్ధం జరగదు. బొమ్మలన్నీ ఒకే నిష్పత్తిలో ఉండనక్కరలేదు. ఇంటికన్నా పెద్ద కోడిపుంజును తెచ్చి పెట్టే పిల్లవాడు ఆ కోడిపుంజు గురించి మనకు ఏదో చెబుతున్నాడు. విరిగినవాటిని పారేయొద్దు. చెయ్యి విరిగిన బొమ్మను వెతుక్కుని మరీ తీసుకునే పిల్లలు ఉంటారు.

సెషన్ 45, 50 నిమిషాలు. పిల్లవాడికి చెప్పే మాట ఒకటే: ఇక్కడ నీకు నచ్చింది చేయచ్చు, చేయాలనిపించకపోతే మానేయచ్చు. అంశం ఇవ్వకూడదు. ‘మీ ఇంటిని చేసి చూపించు’ అన్నారంటే అది వేరే రకం ట్రే పని. దానికీ ఉపయోగం ఉందిగానీ కాల్ఫ్ పద్ధతి అది కాదు. చికిత్సకురాలు కాస్త పక్కగా, చేతుల కదలిక కనిపించేంత దగ్గరగా కూర్చుంటుంది. ఒళ్ళో నోట్‌బుక్. ఏ బొమ్మ ముందు వచ్చింది, ఏది చేతిలోకి తీసుకుని మళ్ళీ అలమరలో పెట్టేశాడు, దేన్ని పాతాడు, దేన్ని పాతి మళ్ళీ తీశాడు, ట్రేకు ఏ వైపున నిలబడ్డాడు. ఒక చిన్న గీత బొమ్మలో ఈ వరుస అంతా అంకెలతో గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే చివరికి మిగిలే ఫొటోలో ఈ వరుస ఉండదు. పాతిపెట్టిన ఏనుగు ఫొటోలో కనబడదు, నోట్‌బుక్‌లోనే ఉంటుంది.

పిల్లవాడు వెళ్ళిపోయాకే ఫొటోలు. అతను నిలబడ్డ చోటి నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, ముఖ్యమైన మూలలు దగ్గరగా. ఆ తర్వాతే ట్రే విప్పాలి. అతని కళ్ళముందు ఎప్పుడూ విప్పకూడదు. తాను కట్టిన ప్రపంచం చెక్కుచెదరకుండా ఆ గదిలో ఉండిపోయిందన్న నమ్మకంతో పిల్లవాడు ఇంటికి వెళ్ళాలి. ఆ నమ్మకమే వారమంతా పనిచేస్తుంది. ఇక్కడే ఆచరణలో గట్టి చిక్కు వస్తుంది. వరసగా పిల్లల్ని పెట్టుకునే సెంటర్లలో ఒకరికీ ఇంకొకరికీ మధ్య పదిహేను నిమిషాలైనా ఖాళీ ఉంచరు. తర్వాతి పిల్లవాడు తలుపు దగ్గర నిలబడి ఉండగా ఆయా వచ్చి బొమ్మలు ఎత్తేస్తుంటుంది. అలాంటి చోట శాండ్‌ప్లే పెట్టకపోవడమే మేలు.

పెద్దలు ఎక్కువగా చేసే తప్పు మాట్లాడటం. ‘ఇదేమిటి నాన్నా? ఈ పులి ఎవరు?’ అని అడిగిన క్షణం నుంచి పిల్లవాడు మీకోసం కథ చెప్పడం మొదలుపెడతాడు. చేతులు చేస్తున్న పని ఆగిపోతుంది. తనంతట తాను చెబితే వినాలి, అంతే. మెచ్చుకోలు కూడా ఇలాంటిదే. ‘అబ్బ, ఎంత బాగుందో’ అంటే వచ్చే వారం ఇంకా అందమైన తోట తయారవుతుంది. లోపలున్న బురద బయటికి రాదు.

రెండో తప్పు అర్థాల పట్టిక. పాము అంటే ఇది, నీళ్ళు అంటే అది అని కంఠతా పట్టి ట్రే చదివేయడం. మన పిల్లవాడు పాము పుట్ట కట్టి పక్కన చిన్న గిన్నె పెట్టాడనుకోండి, నాగులచవితికి అమ్మతో పుట్టలో పాలు పోసిన జ్ఞాపకం కావచ్చు. పొలంలో పాము కరిచి తాత పోయిన ఇల్లు కావచ్చు. రెండిట్లో ఏదో ఆ పిల్లవాడి తర్వాతి ఆరు ట్రేలు చెబుతాయిగానీ పుస్తకం చెప్పదు. చికిత్సకురాలికి ప్రతీకల చదువు బాగా ఉండాలి, పురాణాలు, జానపద కథలు తెలిసి ఉండాలి. కానీ ఆ తెలివిడిని తన దగ్గరే ఉంచుకోవాలి. కాల్ఫ్ పద్ధతిలో వ్యాఖ్యానం మొత్తం ప్రయాణం ముగిశాకే. అప్పుడు ఫొటోలన్నీ వరసగా పెట్టుకుని కూర్చుంటారు.

మూడోది యుద్ధం చూసి కంగారుపడటం. దీనికి కాల్ఫ్ ఆధారపడిన సిద్ధాంతం తెలియాలి. యుంగ్ శిష్యుడు ఎరిక్ నాయ్‌మన్ శిశువు ఎదుగుదల గురించి రాసినదాన్ని ఆవిడ తన ట్రేలతో పోల్చి చూశారు. మొదట జంతువులు, మొక్కలు నిండిన దశ. తర్వాత పోరాట దశ, పదే పదే యుద్ధాలు. ఆపైన చుట్టూ ఉన్న సమాజంలో ఇమిడే దశ, బజారు, బడి, మామూలు మనుషుల రోజువారీ పనులు. ఈ మూడు దశలకన్నా ముందు, చాలామంది పిల్లల్లో ఒక ట్రేలో నడిమధ్యన గుండ్రంగా, పొందిగ్గా ఏదో ఏర్పడుతుందని, అక్కడి నుంచే కొత్త బలం మొదలవుతుందని కాల్ఫ్ గమనించారు. యుంగ్ మాటల్లో అది ‘సెల్ఫ్’, అంటే మనసు మొత్తానికీ కేంద్రమైనది, కనబడటం. కాబట్టి వరసగా నాలుగు వారాలు ట్యాంకులు, శవాలే వస్తున్నాయంటే పిల్లవాడు చెడిపోతున్నాడని కాదు. బెదిరిన చికిత్సకురాలు ‘ఈసారి శాంతిగా ఏదైనా చేద్దామా’ అంటే సరిగ్గా బలం పుంజుకునే చోట అతన్ని ఆపేసినట్టు. అయితే ఈ దశలు గడియారం ముల్లులా తిరగవు. వెనక్కి పోతాయి, కలిసిపోతాయి. పరీక్ష పేపర్‌లా ట్రేను దిద్దకూడదు, ఒక్క ట్రే చూసి రోగనిర్ణయం అసలే చేయకూడదు.

హద్దు లేదని కూడా కాదు. ఇసుక పెట్టె దాటి బయట పోయరాదు, మనిషి మీద విసరరాదు. ‘ఇసుక పెట్టెలోనే’ అని ఒక్కసారి, కోపం లేకుండా, గట్టిగా చెబితే చాలు. ఏది నిజం ఏది ఊహ అన్న తేడా చెదిరిపోయిన తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికి సైకియాట్రిస్టు ప్రమేయం లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ఇసుక లోపలివాటిని త్వరగా పైకి తెస్తుంది, వాటిని పట్టి ఉంచే శక్తి అవతలి మనిషిలో ఉండాలి. తల్లిదండ్రులకు ఫొటోలు చూపించడం గురించి ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. చూపించవద్దు. పిల్లవాడు ఎలా ఉంటున్నాడో, నిద్ర, తిండి, బడి సంగతులు మాట్లాడండి.

కాల్ఫ్‌కు ఈ మౌనం ఎక్కడి నుంచి అబ్బింది? కొంత తూర్పు నుంచి అనే నా నమ్మకం. చదువు మొదలుపెట్టిన రోజుల్లో ఆవిడకు టిబెట్ కల వచ్చింది. ఇద్దరు భిక్షువులు దీర్ఘచతురస్రాకారపు బంగారు పనిముట్టు ఒకటి చేతికిస్తారు. 1961లో యుంగ్ పోయినప్పుడు మరో కల: ఆయన భోజనానికి పిలుస్తాడు, బల్ల మధ్యలో అన్నపు రాశి ఉంటుంది, దాన్ని చూపిస్తాడు. తూర్పు వైపు వెతుకులాట ఆపవద్దన్న మాటగా ఆవిడ దాన్ని తీసుకున్నారు. టిబెట్ నుంచి శరణార్థులు స్విట్జర్లండ్ వచ్చినప్పుడు కొద్ది రోజుల కోసమని ఒక లామాకు జొల్లికోన్‌లోని తన ఇంట్లో చోటిచ్చారు. ఆయన ఎనిమిదేళ్ళు ఉన్నారు. అది పదిహేనో శతాబ్దపు ఇల్లు, చికిత్స గది కూడా అందులోనే. జపాన్‌లో జెన్ బౌద్ధ పండితుడు డి.టి. సుజుకీని కలిశారు. మఠం తలుపు తట్టినవాడికి అక్కడ నేరుగా జవాబు దొరకదు, తనలో తాను వెతుక్కోవాలి. తాను ఇసుక పెట్టె దగ్గర చేస్తున్నదీ అదేనని ఆవిడకు అక్కడ రూఢి అయింది.

1966లో కాల్ఫ్ జర్మన్‌లో తన పుస్తకం తెచ్చారు. సిద్ధాంతం కొద్దిగా, పిల్లల కథలు, ఫొటోలు ఎక్కువగా: బడి అంటే భయం, చదువు ఎక్కకపోవడం, పక్క తడపడం, మాట పెగలకపోవడం. ఆ పద్ధతి అన్నిటికన్నా గట్టిగా నాటుకున్నది జపాన్‌లో. జ్యూరిక్‌లో చదివిన హయావో కవాయి 1965లో దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ‘హకోనివా’ చికిత్స అన్నారు. పెట్టెలో చిన్న తోటలు కట్టే హకోనివా అలవాటు అక్కడ ముందునుంచే ఉంది, అందుకని పెద్దలకూ పిల్లలకూ అది పరాయిగా అనిపించలేదు. వ్యాఖ్యానం తొందరగా చేయొద్దని కవాయి కూడా మొదటి నుంచీ పట్టుబట్టారు. 1985లో కాల్ఫ్ కొందరు సహచరులతో కలిసి అంతర్జాతీయ శాండ్‌ప్లే సంఘాన్ని స్థాపించారు. 1990 జనవరిలో కన్నుమూశారు. ఆ సంఘం శిక్షణలో ఒక నియమం నాకు ఎంతో నచ్చుతుంది: ఇతరుల ట్రే దగ్గర కూర్చోవాలంటే ముందు నువ్వు కూడా ఒకరి దగ్గర పిల్లవాడిలా ఇసుకలో చేతులు పెట్టి పూర్తి ప్రయాణం చేసి రావాలి. పర్యవేక్షణ, రాతపూర్వక కేసు అధ్యయనం ఆ తర్వాత.

ఇక్కడ గది ఏర్పాటు చేసుకునేవాళ్ళకు కొన్ని మాటలు. విదేశీ మినియేచర్ సెట్లలో ఎర్ర కొట్టం, మంచు మనిషి ఉంటాయి, ఎడ్లబండి ఉండదు. కొండపల్లిలో ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, అంబారీ ఏనుగు, దశావతారాలు దొరుకుతాయి. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు ఉన్నాయి. కొండపల్లి బొమ్మ తేలికైన పొణికి చెక్క, రంగు తడికి ఆగదు. కాబట్టి వాటిని పొడి ట్రే వైపు అలమరలో పెట్టి, తడి ట్రే పక్కన ప్లాస్టిక్, రాయి, మట్టి కాల్చినవి ఉంచండి. గ్రామదేవత, పీరు, ఏసు, అంబేడ్కర్ బొమ్మ, ఆటో, నీళ్ళ ట్యాంకర్, సెల్‌టవర్ లాంటివి సంతల్లో, జాతరల్లో వెతికితే దొరుకుతాయి. దొరకనివి బంకమట్టితో పిల్లలే చేసుకుంటారు.

ఇళ్ళు కట్టే చోటి నుంచి ఇసుక తెస్తే ముందు సన్న జల్లెడ పట్టాలి, తర్వాత బకెట్‌లో వేసి పైనీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, ఎండలో పలచగా పరిచి ఆరబెట్టాలి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, చెమ్మ పట్టి పొడి ట్రే పొడిగా ఉండదు. వానాకాలంలో తడి ట్రే రెండు మూడు రోజులు కదపకుండా మూత వేసి ఉంచితే బూజు వాసన కొడుతుంది. వారం చివర దాన్ని పలచగా నెరిపి ఫ్యాన్ కింద వదిలేయండి, నెలకోసారి ఎండలో పోయండి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి, మూడేళ్ళ లోపు వాళ్ళు వచ్చే గదిలో గింజలు, పూసలు పై అరలోకి మార్చండి.